మూడు సిస్టమ్‌ల ఇంటికి పాత ల్యాప్‌టాప్ మీద సాంబా: ఫైల్ సర్వర్ రివ్యూ

తీర్పు ముందే చెప్పేస్తే మేలు. ఇంట్లో విండోస్, మ్యాక్, లైనక్స్ మూడూ ఉంటే రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టుకి హార్డ్ డిస్క్ తగిలించడం వద్దు, పెన్‌డ్రైవ్ పట్టుకుని గదుల చుట్టూ తిరగడమూ వద్దు. అటక మీద పడేసిన పాత ల్యాప్‌టాప్ దించి, అందులో లైనక్స్ వేసి, సాంబా (అందులోని ఫోల్డర్లను మిగతా కంప్యూటర్లకి పంచే ప్రోగ్రామ్) పెట్టి, కేబుల్‌తో రౌటర్‌కి కలపండి. ఫోన్ నుంచి ఎప్పుడైనా ఒక ఫైల్ పంపాలంటే లోకల్‌సెండ్ అనే యాప్ చాలు. సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితం. ఖర్చంతా కేబుల్‌కీ డిస్క్‌కే.

విశాఖలో ఇలాంటి ఇళ్ళకి కొదవ లేదు. ఉక్కునగరంలో నాన్నగారి విండోస్ డెస్క్‌టాప్, రుషికొండ ఆఫీసు వాళ్ళిచ్చిన మ్యాక్‌బుక్, ఇంజినీరింగ్ చదివే పిల్లాడి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం). ఈ మూడూ ఎస్‌ఎంబీ అనే ఒకే పద్ధతిలో మాట్లాడుకోగలవు. విండోస్‌లో అది ముందునుంచీ ఉంది. ఆపిల్ 2013లో మావెరిక్స్ అనే మ్యాక్ వెర్షన్‌తో తన పాత షేరింగ్ పద్ధతి ఏఎఫ్‌పీని వెనక్కి నెట్టి దీన్ని ముందుకు తెచ్చింది. లైనక్స్‌లో ఆ పని సాంబా చేస్తుంది. కాబట్టి వాడే కంప్యూటర్లలో కొత్తగా ఏమీ వెయ్యనక్కర్లేదు.

మరి విండోస్ ఫోల్డర్‌నే షేర్ చేస్తే సరిపోదా? సరిపోతుంది, ఆ కంప్యూటర్ నిద్రపోనంత వరకు. అంతకంటే పెద్ద చిక్కు పిన్. విండోస్‌లోకి రోజూ నాలుగంకెల పిన్‌తో వెళ్ళేవాళ్ళు మ్యాక్ పాస్‌వర్డ్ అడిగినప్పుడూ అదే కొడతారు. పిన్ ఆ కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్ళకే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. అక్కడ మైక్రోసాఫ్ట్ ఖాతా అసలు పాస్‌వర్డ్ కావాలి, అది ఎవరికీ గుర్తుండదు. షేరింగ్ కోసమే విడిగా ఒక లోకల్ ఖాతా తెరిస్తే ఈ గొడవ పోతుంది. సాంబా పెట్టెలో అసలీ గొడవే లేదు, ఎందుకంటే యూజర్ పేరూ పాస్‌వర్డూ దానివే, విండోస్‌వి కావు.

రౌటర్ యూఎస్‌బీ పోర్టు సంగతి. డబ్బా మీద "షేరింగ్ సెంటర్" అని గొప్పగా రాసి ఉంటుంది. చాలా పాత మోడళ్ళు ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. 2017 మేలో వానాక్రై వైరస్ పాకింది ఆ వెర్షన్ లోని లోపం వల్లే, మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేస్తూ వచ్చింది, ఇప్పుడు కొత్తగా వేసిన విండోస్‌లో అది ఉండదు. ఇంకొన్ని రౌటర్లు కొత్త వెర్షన్ ఇస్తాయి గానీ పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుస్తాయి. విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్ తరవాత గెస్ట్ షేర్‌లు తెరుచుకోవు, "మీ సంస్థ భద్రతా విధానం అడ్డుకుంటోంది" అనే అర్థంలో సందేశం వస్తుంది. ఇంట్లో సంస్థ ఎక్కడిది అని తల పట్టుకునేవాళ్ళు చాలామంది. ఆ రక్షణని రిజిస్ట్రీలో తీసెయ్యమని సలహాలు దొరుకుతాయి, వినకండి. పాస్‌వర్డ్ పెట్టగల పెట్టె చూసుకోండి.

ఇక సాంబా పెట్టె. పదేళ్ళనాటి ల్యాప్‌టాప్ అయినా సరే, 4 జీబీ ర్యామ్ ఉంటే సాఫీగా నడుస్తుంది. చూడాల్సినవి రెండే: గిగాబిట్ ల్యాన్ పోర్టు, యూఎస్‌బీ 3 పోర్టు. రాస్‌బెరీ పై 4 అనే అరచేతి కంప్యూటర్ కూడా ఈ పనికి బాగానే సరిపోతుంది, కరెంటు తక్కువ తింటుంది. అయితే దాని నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తాయి, రెండు పోర్టబుల్ డిస్కులు పెడితే ఒకటి టిక్కు టిక్కుమంటూ ఆగిపోతుంది. పై 5కి 5 ఆంపియర్ల అడాప్టర్ కాకుండా 3 ఆంపియర్లది పెడితే యూఎస్‌బీని 0.6 ఆంపియర్‌కే పరిమితం చేస్తుంది. మా ఓటు ల్యాప్‌టాప్‌కే. బ్యాటరీ ఏ కొంచెం బతికున్నా కరెంటు పోయినప్పుడు డిస్క్ మీద రాత మధ్యలో తెగదు. స్క్రీన్ ఆపేస్తే 12 వాట్ల దగ్గర ఉంటుంది, నెలకి ఎనిమిది, తొమ్మిది యూనిట్లు. బ్యాటరీని ఎప్పుడూ నూటికి నూరు శాతం దగ్గర ఉంచితే ఉబ్బుతుంది. మీ మోడల్‌లో ఛార్జింగ్ పరిమితి ఉంటే 80 శాతానికి పెట్టండి. టచ్‌ప్యాడ్ పైకి లేస్తున్నట్టు కనిపిస్తే బ్యాటరీ వెంటనే తీయించెయ్యండి.

డెబియన్ లైనక్స్ గానీ ఉబుంటు సర్వర్ గానీ వేసి సాంబా ప్యాకేజీ దించుకోవడం పది నిమిషాల పని. పొరపాట్లన్నీ ఆ తరవాతే. డిస్క్‌ని లైనక్స్ సొంత పద్ధతి ఎక్స్‌టీ4గా ఫార్మాట్ చెయ్యండి. అందులో ఉన్న డేటా అంతా పోతుంది కాబట్టి ముందే వేరే చోటికి తీసుకోండి. విండోస్ పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్‌గా వదిలేసినా నడుస్తుంది గానీ అనుమతుల తలనొప్పి మొదలవుతుంది. నెట్‌వర్క్ మీద ఉన్న డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందో మ్యాక్‌కి, విండోస్‌కి అనవసరం, వాటికి కనిపించేది సాంబా ఒక్కటే. డిస్క్ బూటింగ్‌లో దానంతటదే ఎక్కేలా సెట్టింగ్ ఫైల్‌లో రాసేటప్పుడు "నోఫెయిల్" అనే మాట చేర్చండి. లేకపోతే కేబుల్ ఊడిన రోజు సిస్టమ్ మొత్తం ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడిపోతుంది. దీనికి రెండో ముఖం కూడా ఉంది: డిస్క్ ఎక్కకపోయినా సాంబా మాత్రం అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌ని చూపిస్తుంది, మీరు కాపీ చేసినవన్నీ ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌లో పడి దాన్ని నింపేస్తాయి. షేర్ చేసే ఫోల్డర్‌ని డిస్క్ మొదట్లో కాకుండా దాని లోపల ఒక ఫోల్డర్‌గా పెడితే, డిస్క్ లేనప్పుడు షేర్ తెరుచుకోదు, సంగతి వెంటనే తెలిసిపోతుంది.

సాంబా పాస్‌వర్డ్ వేరు, లైనక్స్ పాస్‌వర్డ్ వేరు. ఒక్కో మనిషికి లైనక్స్ యూజర్ చేసి, ఆ తరవాత సాంబా పాస్‌వర్డ్ విడిగా చేర్చాలి. ఇది మరిచిపోయి "సరైన పాస్‌వర్డే కొడుతున్నాను, ఒప్పుకోవట్లేదు" అనేవాళ్ళే ఎక్కువ. అందరూ రాసే ఫోల్డర్‌కి సాంబాలో ఫోర్స్ గ్రూప్ (ఫైళ్ళన్నీ ఒకే గ్రూప్ పేరున పడేలా చేసే సెట్టింగ్) పెట్టి, కొత్త ఫైళ్ళకి గ్రూప్ వాళ్ళు కూడా రాయగలిగే అనుమతి ఇవ్వండి. లేకపోతే అమ్మ పెట్టిన ఎక్సెల్ ఫైల్ కొడుక్కి చదవడానికే గానీ మార్చడానికి రాదు. మ్యాక్ ఉంటే సాంబాలోని "ఫ్రూట్" మాడ్యూల్ తప్పనిసరి. అది లేకపోతే ప్రతి ఫైల్ పక్కనా చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చెత్త ఫైళ్ళు మొలుస్తాయి. అదే మాడ్యూల్‌తో మ్యాక్ టైమ్ మెషీన్ బ్యాకప్ కూడా ఈ పెట్టె మీదికే తీసుకోవచ్చు. దానికి పరిమాణం హద్దు తప్పకుండా పెట్టండి, లేకపోతే డిస్క్ అంతా అదే ఆక్రమిస్తుంది. ఇక ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోకుండా లాగిన్ సెట్టింగ్‌లో "ఇగ్నోర్" అని పెట్టడం మరవద్దు.

విండోస్ నెట్‌వర్క్ కిటికీలో ఈ పెట్టె కనిపించకపోతే కంగారు పడకండి. ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌తో పాటే పక్క కంప్యూటర్లను వెతికే పాత పద్ధతీ పోయింది. లైనక్స్‌లో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తే కనిపిస్తుంది. వెయ్యకపోయినా ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో \\192.168.1.20 అని నేరుగా కొట్టొచ్చు. మ్యాక్‌లో ఫైండర్ గో మెనూ, కనెక్ట్ టు సర్వర్. ఈ అంకెలు మారిపోకుండా రౌటర్‌లో ఆ ల్యాప్‌టాప్‌కి ఐపీ రిజర్వ్ చెయ్యండి. విండోస్ ఒకసారి తప్పు యూజర్ పేరుతో కలిసిందంటే అదే పట్టుకుని కూర్చుంటుంది, "ఒకే సర్వర్‌కి రెండు పేర్లతో వెళ్ళకూడదు" అంటుంది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పేరు తీసేసి, సైనవుట్ చేసి మళ్ళీ రండి.

అసలు వేగం కేబుల్‌లో ఉంది. 100 ఎంబీపీఎస్ లింక్ మీద సెకనుకి 11 ఎంబీ మించదు, 100 జీబీ పెళ్ళి వీడియోలకి రెండున్నర గంటలు. గిగాబిట్ అయితే 110 ఎంబీ దాకా వస్తుంది, అవే వీడియోలు పావుగంట. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే పెట్టెల్లో కొన్నింటికి గిగాబిట్ పోర్టు ఒకటే ఉంటుంది, మిగతావి 100వి. అలాంటప్పుడు ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి కొని కంప్యూటర్లను దానికి కలపండి. కేబుల్‌లో ఎనిమిది తీగలూ బాగుంటేనే గిగాబిట్, ఒక జత పోయినా లింక్ నోరు మెదపకుండా 100కి పడిపోవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న లాసన్స్ బే, పెద వాల్తేరు, కిర్లంపూడి ఇళ్ళలో ఉప్పుగాలికి కనెక్టర్ కాంటాక్టులు మసకబారి జరిగేది ఇదే. విండోస్ ఈథర్‌నెట్ సెట్టింగ్‌లో లింక్ స్పీడ్ 1000 అని ఉందో లేదో అప్పుడప్పుడు చూడండి, లేకపోతే రెండు చివర్లూ కొత్తగా క్రింప్ చేయించండి. ద్వారకానగర్‌లో కేబుల్ కొనేటప్పుడు తీగ కొసని గోటితో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే రాగి పూసిన అల్యూమినియం, మొత్తం ఎర్రగా ఉంటేనే రాగి. చవకని చూసి మొదటిది తీసుకుంటే వంచిన చోట విరుగుతుంది.

ఇంకో మాయరోగం: కంపెనీ పెట్టె ఒకటి, దాని వెనక మీరు కొన్న రౌటర్ ఒకటి. మొదటిది 192.168.1 వరస ఇస్తే రెండోది 192.168.0 వరస ఇస్తుంది. లోపలి రౌటర్ మీదున్న కంప్యూటర్ బయటి పెట్టె మీదున్నవాటిని అందుకోగలదు, బయటివి మాత్రం లోపలికి రాలేవు. అందుకే మ్యాక్‌కి తెరుచుకున్న ఫోల్డర్ విండోస్‌కి తెరుచుకోదు, తప్పేమో సాంబా మీద పడుతుంది. మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే అంతా ఒకే వరసలోకి వస్తుంది.

తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టేవాళ్ళకి ఒక చిక్కు ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో ముక్క చేర్చి రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కుల ఫార్మాట్ హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టి దాస్తుంది. అదే పేరుతో ఫోల్డర్ అప్పటికే ఉన్న లైనక్స్‌కి అలాంటి డిస్క్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో కాపీ చేస్తే "కైలాసగిరి" అనే ఫోల్డర్లు రెండు పక్కపక్కన, అచ్చం ఒకేలా కనిపిస్తాయి, లోపల ఫొటోలు మాత్రం వేరు. ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ ఎంపికతో పేరు మార్పిడి చెప్పడమే మందు. పేర్లలో ప్రశ్నార్థకం, కోలన్ వంటివి వాడకండి, విండోస్ వాటిని ఒప్పుకోదు.

లోకల్‌సెండ్ విండోస్, మ్యాక్, లైనక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిట్లోనూ ఉంది, ఇంటర్నెట్ లేకపోయినా ఒకే వైఫై మీద పనిచేస్తుంది. అవతలి వాళ్ళు యాప్ తెరిచి ఉంచాలి. ఎవరూ కనిపించకపోతే మొదటి అనుమానం గెస్ట్ వైఫై మీద, అందులో పరికరాలు ఒకదాన్నొకటి చూడవు. రెండోది విండోస్ ఫైర్‌వాల్: నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, 53317 పోర్టుకి దారి ఇవ్వండి. రెండు కంప్యూటర్ల ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ మంచి సాధనమే, కానీ అది రెండు చోట్లా ఒకే కాపీ ఉంచుతుంది. ఒక చోట చెరిపితే రెండో చోటా పోతుంది. వెర్షన్లు దాచే ఎంపిక పెట్టకుండా వాడొద్దు. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది, ఫ్యాట్32 లాగా 4 జీబీ హద్దు లేదు. దానికి జర్నల్ (రాత మధ్యలో ఆగితే సరిదిద్దుకోవడానికి ఉంచుకునే చిట్టా) లేదు కాబట్టి ఎజెక్ట్ చెయ్యకుండా లాగితే పాడయ్యే అవకాశం ఎక్కువ. ఫొటో స్టూడియోకి తీసుకెళ్ళడానికి చాలు.

సాంబా పెట్టె మీద ఒక్క కాపీయే ఉంటే అది బ్యాకప్ కాదు. విండోస్‌లోకి ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే కలిసి ఉన్న షేర్‌ని కూడా తాళం వేసేస్తుంది. నెలకోసారి రెండో డిస్క్‌కి కాపీ తీసి, దాన్ని పెట్టె నుంచి ఊడదీసి, వీలైతే వేరే ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళకి ఎందుకో విడమరచక్కర్లేదు. బయటి నుంచి చూసుకోవాలని ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టుని ఇంటర్నెట్‌కి ఎన్నడూ తెరవొద్దు, దానికి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) ఉంది.

కాన్ఫిగరేషన్ ఫైల్ అంటేనే విసుగు వచ్చేవాళ్ళు రెండు డిస్కుల రెడీమేడ్ న్యాస్ (నెట్‌వర్క్‌కి కలిపే డిస్కుల పెట్టె) కొనుక్కోవచ్చు. డిస్కులు విడిగా కొనాలి, ధర ఆ లెక్కతో చూసుకోండి. కొత్త మోడళ్ళలో కూడా మొదటి రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది: సెట్టింగ్‌లలో కనీస ఎస్‌ఎంబీ వెర్షన్ 2 అని పెట్టి, గెస్ట్ ఖాతా ఆపెయ్యడం.