దేవమాలి చలిలో రెండు రాత్రులు: అద్దె క్యాంపర్ వ్యాన్ గురించి నా అనుభవం

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మేము నలుగురం, అంటే నేను, నా భార్య, డెబ్బై రెండేళ్ల మా అమ్మ, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, రాయగడ నుంచి బయలుదేరి దేవమాలి కొండ దిగువన రెండు రాత్రులు గడిపి వచ్చాము. ఇందుకోసం పడకలు, చిన్న వంటగది, ఫ్రిజ్, డీజిల్ హీటర్ ఉన్న క్యాంపర్ వ్యాన్‌ను డ్రైవరుతో సహా అద్దెకు తీసుకున్నాము. చలికాలంలో ఇలా వెళ్లాలనుకునే మన ప్రాంతపు కుటుంబాలకు ఉపయోగపడుతుందని, బాగున్నదీ బాగులేనిదీ ఖర్చుతో సహా రాస్తున్నాను.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తులోనే ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయన్న లెక్క చూసుకున్నా, మన ఊళ్లో స్వెట్టరుతో సరిపోయే రాత్రి అక్కడ ఎలా ఉంటుందో ఊహించవచ్చు. అయితే ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు. గాలి లేని రాత్రి చల్లగాలి బరువుగా పల్లంలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. వాగు పక్కన చదునుగా కనిపించిన పొలంలో వ్యాన్ ఆపుదామని మొదట అనుకున్నాము. స్థలం యజమాని మాత్రం తన ఇంటి వెనక, కొంచెం ఎత్తులో, గోడ చాటున ఆపించాడు. తెల్లవారి చూస్తే ఆ పొలమంతా మంచులో మునిగి ఉంది, మా చుట్టూ నేల మాత్రం దాదాపు పొడిగా ఉంది. రాత్రికి 500 రూపాయలు తీసుకున్నా, ఆ సలహాకే అంత విలువ ఉందని నేను అనుకుంటాను.

వ్యాన్ లోపలి ఏర్పాటు శుభ్రంగా, ఆలోచించి చేసినట్టుగా ఉంది. అద్దాలకు లోపలి నుంచి పెట్టుకునే మందపాటి వెండి రంగు పరదాలు ఇచ్చారు. రేకు శరీరం కన్నా ముందు అద్దాల గుండానే వేడి పోతుంది కాబట్టి, చీకటి పడకముందే వాటిని పెట్టుకోవడం ఎంతో మేలు చేసింది. డీజిల్ హీటర్ మంట కోసం బయటి గాలిని తీసుకుని, పొగను బయటికే వదిలి, లోపలికి వెచ్చని గాలిని మాత్రమే పంపుతుంది. మొదటి రాత్రి బయట 7 డిగ్రీలుంటే లోపల 19 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. ఇంధనాన్ని తోడే చిన్న పంపు గోడ గడియారంలా టక్ టక్ మంటూ రాత్రంతా వినిపించింది. ఆ చప్పుడుకు అలవాటు పడి అమ్మ హాయిగా నిద్రపోయింది.

రెండో రాత్రి సుమారు రెండు గంటలకు ఆ చప్పుడు ఆగిపోయింది. బ్యాటరీలో వోల్టేజీ తగ్గిందన్న సంకేతం తెర మీద కనిపించింది. కారణం నాకు తెల్లవారాక గాని పూర్తిగా అర్థం కాలేదు. హీటర్ డీజిల్‌తో మండినా, దాని ఫ్యానూ పంపూ నడవడానికీ, ముఖ్యంగా మొదట వెలిగే కాసేపటికీ కరెంటు కావాలి. వ్యాన్‌లో ఉన్నది 100 యాంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. 12 వోల్టుల లెక్కన అది 1,200 వాట్-అవర్లు, అందులోనూ సగానికి మించి వాడితే బ్యాటరీ పాడవుతుంది. మొదటి రోజు చాలా దూరం ప్రయాణించడంతో అది నిండుగా ఉంది. రెండో రోజు డీజిల్ ఆదా అవుతుందని వ్యాన్ కదపకుండా స్థానిక జీపులో కొండపైకి వెళ్లాము. దాంతో బ్యాటరీకి ఛార్జింగ్ లేకుండా పోయింది, మరోవైపు ఫ్రిజ్ పగలంతా నడుస్తూనే ఉంది. ఆ చలిలో మాకు ఆ ఫ్రిజ్‌తో పెద్దగా అవసరమే లేదు. ఈ విషయం అద్దెకిచ్చినవారు ముందే చెప్పవలసింది. ఆ వేళలో ఫోన్ చేస్తే “ఇంజన్ వేసుకోండి సార్” అని మాత్రమే అన్నారు.

మూడు గంటలకు లోపల 11 డిగ్రీలకు పడిపోయింది, అమ్మ వణకసాగింది. అలికిడికి లేచి వచ్చిన స్థలం యజమాని ఇంటావిడకు కొంత తెలుగు వచ్చు. “ఇది లోపల పెట్టుకో అమ్మా” అంటూ నిప్పుల కుంపటి తెచ్చి ఇచ్చింది. ఆమె మంచి మనసుకు దండం పెట్టి, దాన్ని బయటే ఉంచమన్నాను. మూసిన వాహనంలో బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టి మోగే పరికరం ఆ వ్యాన్‌లో లేకపోవడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం. గ్యాసు పొయ్యి వెలిగించి గది వేడి చేయడమూ తప్పే. ప్రమాదం అటుంచితే, కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అదంతా అద్దాల మీద చేరి కారుతుంది. పైకప్పు కిటికీ తెరిచి, నీళ్లు కాగేంతసేపు మాత్రం పొయ్యి వెలిగించి, రెండు రబ్బరు సంచుల్లో వేడినీళ్లు పోసి, ఒకటి అమ్మ పాదాల దగ్గర, ఒకటి నడుము దగ్గర పెట్టాము. పది నిమిషాల్లో వణుకు తగ్గింది. ఈలోగా డ్రైవరు ఇంజను నలభై నిమిషాలు నడిపాక హీటర్ మళ్లీ వెలిగింది.

పొద్దున్న పరుపు ఎత్తి చూస్తే అడుగున చెక్క తడిసి చేతికి చెమ్మ తగిలింది. మా నలుగురి ఊపిరి తేమే అది. మొదటి రాత్రి పైకప్పు కిటికీని వేలెడు తెరిచి ఉంచాము, చెమ్మ లేదు. రెండో రాత్రి హీటర్ ఆగాక భయపడి మూసేశాము. వేడి పోతుందని గాలి ఆపితే పరుపు తడుస్తుంది, తడి పరుపు ఇంకా చలి పుట్టిస్తుంది.

ఖర్చు విషయానికి వస్తే, రోజుకు 8,500 చొప్పున 17,000, వ్యాన్ మా ఊరికి తెచ్చినందుకు 2,000, ప్రయాణానికి డీజిల్ సుమారు 3,400, స్థలానికి 1,000, జీపుకు 1,200 అయ్యాయి. హీటర్ తాగిన డీజిల్ రెండు రాత్రులకు కలిపి 300 రూపాయలు కూడా దాటలేదు. వెచ్చదనం మొత్తంలో అతి చిన్న పద్దు, అక్కడ ఆదా చేయబోతే అవస్థే మిగులుతుంది. కొరాపుట్‌లో హోటలు గదులు తీసుకుంటే ఇందులో సగంలోపే అయ్యేది. కానీ ఆరు గంటలకు తలుపు తీయగానే లోయ నిండా పొగమంచు, చేతిలో ఇంటావిడ ఇచ్చిన వేడి చోడి అంబలి, పక్కన రగ్గు కప్పుకుని అమ్మ, ఇవి ఆ గదుల్లో దొరకవు.

అసౌకర్యానికి 500 తగ్గించారు, అది తక్కువే. వచ్చే డిసెంబరుకు ఇదే వ్యాన్ అడిగాను. రెండో బ్యాటరీ, కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించి ఫోటో పంపమన్నాను, సరేనన్నారు. ఆ ఫోటో చూశాకే అడ్వాన్సు కడతాను.