హైదరాబాదులో టమ్మీ టక్: ఆపరేషన్ మూడు గంటలు, కోలుకోవడం ఆరు వారాలు

రెండు సిజేరియన్ల తరువాత వేలాడిన పొత్తికడుపుకు కిందటి సంవత్సరం హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టమ్మీ టక్, అంటే సాగిన చర్మం తీసి పొట్టను బిగించే ఆపరేషన్, చేయించుకున్నాను. డాక్టరుగారి పనితనానికి వంక పెట్టలేను. అయినా ఆసుపత్రికి ఐదుకు మూడు మార్కులే ఇస్తున్నాను, ఎందుకంటే ఇంటికి వచ్చాక పడవలసిన అవస్థ గురించి అక్కడ ముందుగా చెప్పినది చాలా తక్కువ.

మొదటి పరీక్ష మాత్రం శ్రద్ధగా జరిగింది. పడుకోబెట్టి, తల కొద్దిగా పైకెత్తమని, బొడ్డుకు పైనా కిందా వేళ్లతో నొక్కి చూసిన డాక్టరుగారు, కడుపు మధ్యన నిలువుగా ఉండే రెండు కండరాలు గర్భంతో ఉన్నప్పుడు ఒకదానికొకటి దూరమై మళ్లీ దగ్గరకు చేరలేదని, ఎంత నడిచినా కడుపు ముందుకు పొడుచుకొని ఉండటానికి అదే కారణమని వివరించారు. బాలింతగా ఉన్నప్పుడు నడికట్టు గట్టిగా కట్టించుకోలేదని మా అత్తగారు నేటికీ నన్నే తప్పుపడతారు. ఏళ్ల తరబడి విడిపోయి ఉన్న కండరాలను గుడ్డ కలపలేదని ఆయన ఆవిడ ఎదుటే చెప్పడం నాకు ఫీజు కంటే విలువైనదిగా తోచింది. లైపోసక్షన్ కొవ్వును మాత్రమే తీస్తుందని, సాగిన చర్మాన్ని బిగించదని, టమ్మీ టక్ కూడా బరువు తగ్గించే ఆపరేషన్ కాదని, బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉన్నవారికే చేస్తామని అన్నారు. మళ్లీ గర్భం వస్తే బిగించినదంతా సాగే అవకాశం ఉన్నందున, ఇక పిల్లలు వద్దనుకున్నామా అని కూడా అడిగారు. పొగతాగేవారికి చర్మానికి రక్తప్రసరణ తగ్గి గాయం మానదు కనుక కనీసం నాలుగు వారాల ముందే మానేయాలట.

ఆపరేషన్ రోజున నిలబెట్టి గీతలు గీశారు. లంగా బొందు ఎక్కడ కడతానో చూపించమని, ఆ గీతకు కిందుగా మచ్చ వచ్చేటట్టు కొలుచుకున్నారు. కోత ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా ఉంటుంది. కండరాలను కుట్టి, మిగులు చర్మం కోసివేసి, బొడ్డుకు కొత్త చోట రంధ్రం చేస్తారు. బొడ్డుకు దిగువన ఉన్న గర్భచారలు చాలావరకు ఆ చర్మంతోపాటే పోయాయి, పైనున్నవి కిందికి జరిగాయి అంతే.

మొదటి వారమంతా నడుము వంచుకొనే నడిచాను, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకొని వెల్లకిలా పడుకున్నాను, తుమ్ము వస్తే భయపడ్డాను. రెండు పక్కలా వేలాడే డ్రెయిన్ గొట్టాలలో చేరిన ద్రవాన్ని రోజూ కొలిచి రాయాలన్న సంగతి డిశ్చార్జి రోజున, అదీ తొందరలో, నర్సు చెప్పారు. గొట్టాలు తీశాక చర్మం కింద నీరు చేరితే సూదితో రెండుసార్లు తీయవలసి వచ్చింది. ఇది ఈ ఆపరేషన్‌లో తరచూ కనిపించేదే, కానీ ఆ మాట ముందే చెప్పి ఉంటే అర్ధరాత్రి కంగారు పడేవాళ్లం కాము. పిక్కలో వాపు, నొప్పి గానీ, ఆయాసం గానీ కనిపిస్తే రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలన్న అతి ముఖ్యమైన హెచ్చరిక కాగితం చివర చిన్న అక్షరాలలో ఉంది. ఆరు వారాలపాటు పొట్టకు బిగించి కట్టిన బెల్టు తీయకూడదు, నీళ్ల బిందె ఎత్తకూడదు, చంటిపిల్లను చంకనెత్తుకోకూడదు. ఇంట్లో వంట చూసుకునే మనిషి కుదిరాకే తేదీ ఖాయం చేసుకోవడం మంచిది.

డబ్బు విషయానికి వస్తే, అందం కోసం చేసేదిగా లెక్కగట్టి బీమా సంస్థ పైసా ఇవ్వలేదు. ముందు చెప్పిన ప్యాకేజీలో 18 శాతం జీఎస్టీ లేదు. రెండు లక్షల బిల్లుకు అదే ముప్పై ఆరు వేలవుతుంది. బెల్టు ఖరీదూ వేరే. అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. కత్తి పట్టేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ అనే ప్రత్యేక పట్టా ఉన్నదో లేదో, రాష్ట్ర వైద్య మండలిలో నమోదై ఉన్నారో లేదో అడగడానికి మొహమాటపడవద్దు. బోర్డు మీద "కాస్మెటిక్ నిపుణులు" అని ఉంటే చాలదు.

మచ్చ ఎరుపు తగ్గి సన్నబడుతోంది. బొడ్డు కింద తిమ్మిరి మాత్రం ఎనిమిది నెలలైనా పూర్తిగా పోలేదు. కుచ్చిళ్లు దోపుకునేటప్పుడు అక్కడ వేలు తగిలినట్టే తెలియదు.