మ్యూనిక్‌లో వారాంతం షికారు: సొంత కారా, డాయిచ్‌లాండ్ టికెట్టా?

మ్యూనిక్ వచ్చి ఏడాది దాటిన తెలుగువాళ్ళు ఎవరు కలిసినా మాటల్లో మాటగా అడిగేది ఒకటే: "కారు కొనమంటారా, టికెట్ చాలంటారా?" ఈ రెండు నెలల్లోనే నన్ను పది మంది దాకా అడిగి ఉంటారు, ఎందుకంటే నాలుగేళ్ళు వాడిన కారుని మేం అమ్మేశామని అందరికీ తెలిసిపోయింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నాను. టికెట్ అంటే డాయిచ్‌లాండ్ టికెట్, జర్మనీ అంతటా లోకల్, ప్రాంతీయ రైళ్ళలో, సిటీ బస్సుల్లో చెల్లే నెల టికెట్. ఐసీఈ లాంటి దూరప్రాంత వేగ రైళ్ళలో మాత్రం చెల్లదు. ఆఫీసుకి కారు అక్కర్లేదన్నది కూడా ఇక్కడికి వచ్చిన మొదటి నెలలోనే తెలిసిపోతుంది. నేను రాసేదల్లా శని ఆదివారాల గురించి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ తీసుకుని కొండలకో సరస్సులకో వెళ్ళి రావడం గురించి.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. 2023 మేలో 49 యూరోలతో మొదలైన టికెట్ 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ఇద్దరికీ కలిపి నెలకు 126. అయితే ఆఫీసుకి వెళ్ళడానికి మా ఇద్దరికీ అది ఎలాగూ కావాలి, పైగా కంపెనీలు జాబ్ టికెట్ కింద కొంత భరిస్తున్నాయి (కంపెనీ కనీసం పావు వంతు ఇస్తే ఇంకో 5 శాతం తగ్గుతుంది, మీ హెచ్‌ఆర్‌ని ఇంకా అడగకపోతే రేపే అడగండి). కాబట్టి వారాంతం తిరుగుడుకి మాకు విడిగా అయ్యేది ఏమీ లేదు. మా అమ్మాయికి ఐదేళ్ళు, తనకి టికెట్టే అక్కర్లేదు, ఆరు నిండాక మాత్రం కొనాలి. ఇక కారు ఉన్నప్పుడు గరాజ్‌లో చోటుకే నెలకు 90 యూరోలు కట్టేవాళ్ళం. ఇన్సూరెన్స్, పన్ను, రెండేళ్ళకోసారి టూఫ్ అనే బండి భద్రతా తనిఖీ, అక్టోబరులో చలికాలం టైర్లు, ఈస్టర్‌కి మళ్ళీ వేసవి టైర్లు, విప్పిన సెట్టు దాచిపెట్టినందుకు మళ్ళీ డబ్బు, ఇవన్నీ కలిపితే పెట్రోలు పోయకముందే నెలకు 300 దాటేది. డబ్బు ఒక్కటే చూసేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

లైసెన్స్ గురించి ఒక మాట. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ ఆరు నెలలే పనికొస్తుంది, ఆ తర్వాత రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. రాత పరీక్ష ఇంగ్లీషులో రాయొచ్చు, 30 ప్రశ్నలు, తప్పుల మార్కులు పది దాటకూడదు. మనకి ఇండియాలో లైసెన్స్ ఉంది కాబట్టి డ్రైవింగ్ స్కూలు క్లాసులన్నీ తప్పనిసరి కాదు, కానీ ఇక్కడి పద్ధతి ఒంటికి పట్టాలంటే కొన్ని క్లాసులు తీసుకోక తప్పదు. ముఖ్యంగా బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వడం, లేన్ మారేముందు భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడడం. మనం ఎడమవైపు నడిపి వచ్చినవాళ్ళం, ఈ అలవాట్లు ఊరికే రావు. కారు కొన్నా కొనకపోయినా లైసెన్స్ మాత్రం తీసుకోండి. ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతి. నా దృష్టిలో ఈ లెక్కని తేల్చేది డబ్బూ కాదు, వేగమూ కాదు. వెళ్ళి రావడానికి పట్టే మూడు గంటలు ఎలా గడుస్తాయన్నదే.

మా ఇంట్లో లైసెన్స్ నాకొక్కడికే ఉంది. నాలుగేళ్ళలో దక్షిణాన కొండల్లో ఉన్న గార్మిష్ ఊరికి పాతికసార్లయినా నడిపి ఉంటాను. ఆ దారిలో ఏముంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఏ95 హైవే మీద ముందు కారు వెనక దీపాల గురించే. వేగ పరిమితి లేని చోట అద్దంలో ఎక్కడో చుక్కలా కనిపించిన కారు రెండు క్షణాల్లో వెనక వచ్చి నిలబడుతుంది, చూపు పక్కకి తిప్పడానికి ఉండదు. వెనక సీట్లో మా ఆవిడా పాపా ఏదో చూసి నవ్వుకునేవాళ్ళు, నేను "ఏంటి, ఏంటి" అని అడిగేవాణ్ణి, వాళ్ళు చెప్పేలోపు అది వెనక్కి వెళ్ళిపోయేది. ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు సంగతి మీకు తెలుసు: మ్యూనిక్ జనంలో సగం మంది కొండల్లోనే ఉంటారు, అందరూ ఒకేసారి బయల్దేరతారు, ష్టౌలో (ట్రాఫిక్ జామ్‌లో) గంట. అప్పటికి పాప ఏడుపు, నాకు మెడనొప్పి, ఇంటికి చేరేసరికి పొద్దున చూసిన సరస్సు ఎవరికీ గుర్తుండేది కాదు. నలుగురు కారులో వెళ్తే ముగ్గురే షికారుకి వెళ్ళినట్టు, నాలుగో మనిషి డ్యూటీకి వెళ్ళినట్టు.

అదే గార్మిష్‌కి రైల్లో మొదటిసారి వెళ్ళినప్పుడు, ష్టార్న్‌బెర్గ్ దగ్గర ఎడమ పక్కన సరస్సు పట్టాలకి అంత దగ్గరగా వస్తుందని, మూర్నావ్ దాటాక కుడివైపు చిత్తడి మైదానం, దాని వెనక గోడలా కొండలు లేస్తాయని నాకు తెలిసింది. నాలుగేళ్ళు ఆ పక్క నుంచే వెళ్ళాను మరి. పాప కిటికీకి ముక్కు ఆనించి ఆవుల్ని లెక్కపెట్టింది. ఎదురెదురు సీట్ల మధ్య డబ్బాలు విప్పుకుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. నా చిన్నప్పుడు తెనాలి నుంచి బెజవాడ పాసింజర్లో అమ్మ ఇలాగే డబ్బా విప్పేది, ఆ సంగతి పాపకి చెప్పడానికి నాకు తీరిక దొరికింది. కారులో అయితే అది జరిగేది కాదు.

రెండో సంగతి ఇంకా పెద్దది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కారు ఎక్కడ పెట్టామో అక్కడికే తిరిగి రావాలి. ఎంత దూరం నడిచినా మనసులో ఒక తాడు పార్కింగ్‌కి కట్టి ఉంటుంది. రైలుకి ఆ బాధ లేదు, ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కొచ్చు.

ఇది నాకు తెలిసింది పొరపాటు వల్ల. టేగెర్న్‌జే సరస్సు వైపు వెళ్ళే రైలు దారిలో హోల్ట్స్‌కిర్షెన్ స్టేషన్‌లో విడిపోతుంది, ఒక ముక్క బైరిష్‌సెల్ వైపు, మిగతాది టేగెర్న్‌జే, లెంగ్రీస్ వైపు. మేం ముందు పెట్టెలో చోటుందని బోర్డు చూసుకోకుండా ఎక్కేశాం. తీరా చూస్తే కిటికీలో ష్లియర్‌జే వచ్చింది. సరేనని దిగాం, ఆ సరస్సు చిన్నది, ప్రశాంతంగా ఉంది, ఒడ్డున కూర్చుని తెచ్చుకున్నది తిన్నాం. అక్కడ దారి బోర్డులు చదువుతుంటే ప్రిన్సెన్‌వెగ్ అనే పాత కాలిబాట కొండ మీదుగా ష్లియర్‌జేని టేగెర్న్‌జేతో కలుపుతుందని తెలిసింది. ఆ రోజు పాపతో కుదరలేదు కానీ తర్వాత ఒక శనివారం నేనూ ఇద్దరు స్నేహితులూ టేగెర్న్‌జేలో దిగి, అరపూట పైన నడిచి, ష్లియర్‌జేలో రైలెక్కాం. వెళ్ళింది ఒక కొమ్మ మీద, వచ్చింది ఇంకో కొమ్మ మీద, రెండూ కలిసేది హోల్ట్స్‌కిర్షెన్‌లోనే. కారుంటే ఈ నడకకి రెండు కార్లు కావాలి, లేదా వెళ్ళిన దారినే తిరిగి రావాలి. (రైలెక్కేముందు పెట్టె మీద ఏ ఊరి పేరుందో మాత్రం చూసుకోండి, పిల్లలున్నప్పుడు మరీ.)

పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం కారు ఉండాల్సిందే అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పోయిన వేసవిలో అమ్మానాన్న మూడు నెలలకి వచ్చారు, నాన్నకి మోకాళ్ళు నొప్పి, అమ్మకి మలుపుల దారిలో కడుపులో తిప్పుతుంది. నోయిష్వాన్‌స్టైన్ కోటకి కారులో తీసుకెళ్ళాను. కారు కొండ కింద ఊళ్ళోనే ఆపాలి, కోట దాకా సొంత బండ్లు వెళ్ళనివ్వరు, అక్కడి నుంచి గుర్రబ్బండో బస్సో ఎక్కి మళ్ళీ కొంచెం నడవాలి. ఫ్యూసెన్‌లో రైలు దిగి బస్సులో వచ్చినవాళ్ళూ మా పక్కనే అదే క్యూలో ఉన్నారు. అమ్మకి దారంతా వాంతులు.

వాళ్ళకి అన్నిటికన్నా నచ్చింది అమ్మర్‌జే సరస్సు. ఎస్8 లోకల్ రైల్లో హెర్షింగ్ దాకా, స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే పడవల రేవు, అక్కడి నుంచి పెద్ద పడవలో డీసెన్‌కి (పడవ టికెట్ విడిగా కొనాలి, చలికాలం నడవవు), డీసెన్‌లో మళ్ళీ రైలు. ఇది కూడా వచ్చిన దారిన తిరిగి వెళ్ళక్కర్లేని ప్రయాణమే. నాన్న పడవ పైన కుర్చీలో కూర్చుని గాలికి కళ్ళు మూసుకుని, కృష్ణలో లాంచీ మీద వెళ్ళినట్టుందన్నారు. పెద్దవాళ్ళతో అంత కూడా వద్దనుకుంటే ఎస్6లో ష్టార్న్‌బెర్గ్ వెళ్ళండి, ప్లాట్‌ఫామ్ దిగితే నీళ్ళే. హెర్షింగ్ నుంచి ఆండెక్స్ మఠానికి లోయలో గంట నడక కూడా చాలా బాగుంటుంది, నడవలేనివాళ్ళకి బస్సుంది.

రైలు కష్టాలు చెప్పకపోతే అన్యాయం. ఎండ కాసిన శనివారం తొమ్మిది గంటల రైలుకి గార్మిష్ వైపు నిలబడే చోటు కూడా ఉండదు, ఏడున్నరకి వెళ్ళేవాళ్ళకే సీట్లు. పట్టాల పనులుంటే రైలుకి బదులు నడిపే ఎస్‌ఇవి బస్సులు, వాటితో గంట ప్రయాణం రెండు గంటలు అవుతుంది, ముందురోజు రాత్రి యాప్‌లో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఓ జనవరి సాయంత్రం మేం ఎక్కాల్సిన రైలు రద్దయి, ఒక చిన్న స్టేషన్‌లో గంటన్నర నిలబడిపోయాం. నాలుగున్నరకే చీకటి, మైనస్ ఐదు, వెచ్చగా ఉండే వెయిటింగ్ రూముకి తాళం వేసి ఉంది, పాప చేతులు నా జాకెట్‌లో పెట్టుకుని వెచ్చబెట్టాను. ఆ రాత్రి కారు ఎందుకు లేదని మా ఆవిడ అడగలేదు కానీ నాకే అనిపించింది. పసిపిల్లలుంటే, ముఖ్యంగా రెండేళ్ళ లోపు, చలికాలం చివరి రైలు దాకా ఆగకండి, ఇంకో రెండు రైళ్ళు మిగిలి ఉండగానే బయల్దేరండి.

కారుదే పైచేయి అయిన చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లోక్నర్ కొండదారి, లిండావ్ నుంచి క్యోనిగ్స్‌జే సరస్సు దాకా వెళ్ళే ఆల్పైన్ రోడ్డు, ఇటలీ డోలోమైట్స్, ఇవి కారులోనే చూడాలి, దారే అక్కడ చూడాల్సినది. బెర్ష్‌టెస్‌గాడెన్ వైపు రైల్లో వెళ్ళొచ్చు కానీ ఫ్రైలాసింగ్‌లో మారి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళేసరికి సగం రోజు అయిపోతుంది. ఇంక మన పండగలు: ఉగాదికో సంక్రాంతికో ఊరి చివర హాలు తీసుకుంటారు, నలభై మందికి పులిహోర వండి గిన్నెలతో బస్సెక్కలేం. 20 కిలోల సోనా మసూరి బస్తా కూడా అంతే, ఇప్పుడు ఇంటికి తెప్పించుకుంటున్నాం. కొండల్లో తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టేవాళ్ళకి కూడా మొదటి రైలు ఆలస్యమే. అయితే గార్మిష్ దగ్గరి ఐబ్‌జే సరస్సు లాంటి చోటికి కారులో వెళ్తే వేసవి ఆదివారం పార్కింగ్ కోసం ఎలాగూ తెల్లారే లేవాలి, గార్మిష్ నుంచి బస్సుంటే ఆ టెన్షన్ లేదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. బయర్న్ టికెట్ అంటే బవేరియా అంతటా ఒక రోజుకి చెల్లేది, ఐదుగురి దాకా పనికొస్తుంది, శని ఆదివారాల్లో పొద్దున్నే మొదలుపెట్టొచ్చు, మామూలు రోజుల్లో తొమ్మిది దాటాకే. నెల టికెట్ లేని చుట్టాలొస్తే ఇది తీసుకోండి, జాల్స్‌బర్గ్ దాకా చెల్లుతుంది. కార్ షేరింగ్ ఊళ్ళో బస్తా మోయడానికి సరే, రోజంతా కొండల్లో పెట్టుకుంటే బిల్లు ఎక్కువవుతుంది. దూరాలకి బస్సులు చవక, పిల్లలతో నేను ఎక్కను.

మరి లైసెన్స్ ఎందుకు తీసుకోమన్నానంటే, అద్దె కారు కోసం. కారుదే పైచేయి అని చెప్పిన చోట్లన్నీ కలిపినా ఏడాదిలో మాకు నాలుగైదు వారాంతాలే. ఆ నాలుగైదుకీ అద్దెకి తీసుకుంటే, మిగతా వారాలు గరాజ్‌లో పడుకునే కారుకి డబ్బు కట్టక్కర్లేదు. ఊరి బయట, గంటకోసారి కూడా బస్సు రాని చోట ఇల్లు తీసుకున్నవాళ్ళకి ఈ లెక్క కుదరదు, వాళ్ళు కారు కొనుక్కోవడమే మంచిది. స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉన్నవాళ్ళయితే ముందు ఒక వేసవంతా టికెట్ మీద తిరిగి చూడండి.

అమ్మానాన్న మళ్ళీ మేలో వస్తున్నారు. నాన్నకి క్యోనిగ్స్‌జే చూపించాలని మూడు రోజులకి కారు బుక్ చేశాను, ముందు సీట్లో కూర్చుంటే అమ్మకి అంత తిప్పదని డాక్టరు చెప్పారు. మిగతా రోజులకి ఇద్దరికీ నెల టికెట్లే తీసుకుంటున్నాను, ఆ చందా ఆగాలంటే పదో తారీఖు లోపు క్యాన్సిల్ చేయాలని ఫోన్లో అలారం కూడా పెట్టుకున్నాను. ఈసారి హెర్షింగ్ పడవకి పొద్దున మొదటిదానికే వెళ్దామని నాన్న ఇప్పటి నుంచే చెప్తున్నారు.