పాత ఫోన్: అప్‌డేట్ చేయాలా, ఆపాలా?

అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అవుతుందన్న అనుమానం ఉత్తిది కాదు. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1, బ్యాటరీ పాడైన ఐఫోన్ 6, 6ఎస్‌లలో ప్రాసెసర్ వేగానికి కళ్లెం వేసింది. ఫోన్ ఉన్నట్టుండి ఆఫ్ అవకుండా ఉండటానికే అలా చేశామని ఆపిల్ ఆ డిసెంబరులో గానీ ఒప్పుకోలేదు. కారణం సబబే, చెప్పకుండా చేయడమే తప్పు. 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసిందీ అందుకే. బ్యాటరీ మారిస్తే అదే ఫోన్ మళ్లీ చురుగ్గా పనిచేసేది.

అలాగని అన్ని అప్‌డేట్లూ ఒకటి కావు. 2018 నాటి ఐఓఎస్ 12, ఐదేళ్ల పాత ఐఫోన్ 5ఎస్‌కూ వచ్చింది. పాత ఫోన్ల వేగం పెంచడం దాని ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి.

పాత వెర్షన్‌లోనే ఉండిపోతే? అలవాటైన వేగం కొన్నాళ్లు నిలుస్తుంది. యాప్‌లు మాత్రం ఎలాగూ బరువెక్కుతాయి, భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి. యూపీఐ, బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో ఈ రిస్క్ నాకైతే నచ్చదు.

నా ఓటు: సెక్యూరిటీ అప్‌డేట్ అయితే వెంటనే. పెద్ద వెర్షన్ అయితే ఒకటి రెండు వారాలు ఆగి, స్టోరేజీ కాస్త ఖాళీ చేసుకున్నాక. మొదటి రోజు నెమ్మదిగా ఉన్నా టెన్షన్ పడొద్దు, వెనకాల ఫోటోలు, ఫైళ్ల ఇండెక్సింగ్ (వెతికితే త్వరగా దొరికేలా జాబితా చేసుకోవడం) నడుస్తుంటుంది.