విస్కర్స్ వాడి చూశాక: డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి

అమెరికాలో ఎక్కడ తుపాకి పేలినా, అది నేనుండే ఊరికి రెండు వేల మైళ్ల దూరంలో అయినా సరే, టీవీలో స్క్రోలింగ్ రాగానే మా అమ్మ ఫోన్ చేస్తుంది. "చీకటి పడ్డాక బయటికి పోకు నాన్నా" అంటుంది. ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తూ ప్రాజెక్టు కోసం విస్కర్స్ (అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు గాయాలు, చావుల లెక్కలు పెట్టే వెబ్‌సైట్) తెరిచేదాకా నా అంచనా కూడా అమ్మదే. తుపాకి చావుల్ని విడదీసి చూస్తే సగానికి పైగా ఆత్మహత్యలు. ఆ టేబుల్ దగ్గర కాసేపు ఆగిపోయాను.

విస్కర్స్ ఉచితం, లాగిన్ గొడవ కూడా లేదు. నేను ఎక్కువగా వాడింది అందులో హింసాత్మక మరణాల భాగం. దాని వెనక, హత్యలు ఆత్మహత్యల్లాంటి చావుల వివరాలు దేశమంతటి నుంచీ సేకరించే వ్యవస్థ పేరు ఎన్‌వీడీఆర్‌ఎస్. రోడ్డు ప్రమాద మరణాల వివరాలు ఒకచోట పెట్టడం ఈ దేశం 1975లోనే మొదలుపెట్టింది, హత్యలు ఆత్మహత్యల సంగతికి వచ్చేసరికి 2002 అయింది, అదీ కొన్ని రాష్ట్రాలతోనే. మొత్తం 50 రాష్ట్రాలూ చేరేసరికి 2018.

దీని గొప్పతనం ఎక్కడుందంటే, ఒక్కో చావుకి మరణ ధ్రువపత్రం, పోస్ట్‌మార్టం చేసినవాళ్ల రిపోర్టు, పోలీసు రిపోర్టు, ఈ మూడూ ఒకరు కూర్చుని చదివి ఒకే రికార్డులో కలుపుతారు. పేర్లుండవు. నింపే గళ్లు 600కి పైనే. భార్యని చంపి తనూ చచ్చిపోయినవాడి కేసు మామూలు పట్టికల్లో ఒకటి హత్యల్లోకి, ఒకటి ఆత్మహత్యల్లోకి పోతుంది, రెండూ ఒకే ఇంట్లో జరిగాయని ఎవరికీ తెలీదు. ఇక్కడ అది ఒకే సంఘటన.

నన్ను పట్టేసింది మాత్రం ఒక చిన్న గడి. చనిపోడానికి ముందు రెండు వారాల్లో ఏదైనా పెద్ద దెబ్బ తగిలిందా, లేదా ఆ తర్వాత రెండు వారాల్లో తగలబోతోందా అని అడుగుతుంది. తగలబోయేది అంటే కోర్టు వాయిదా కావచ్చు, ఇల్లు ఖాళీ చేయాల్సిన తేదీ కావచ్చు. అంటే ఆ తేదీ ఎవరో ఒక గుమాస్తాకి ముందే తెలుసన్నమాట, ఇల్లు ఖాళీ చేయమని నోటీసు పంపేవాళ్లు దాంతోపాటు సాయం దొరికే ఒక ఫోన్ నంబరు కూడా పంపొచ్చు కదా అని మనకి తట్టేది ఇలాంటి గడి ఉంటేనే. వయసు మార్చి చూస్తే బొమ్మే మారిపోతుంది: వయసు పైబడినవాళ్లలో ఒంట్లో బాగోలేకపోవడం ముందుకొస్తుంది, వాళ్ల విషయంలో చూడాల్సింది డాక్టరు గది.

ఇక చిరాకులు. తాజా లెక్కలు కావాలంటే కుదరదు, ఏడాదికి పైగా వెనకబడే ఉంటాయి. పదికంటే తక్కువ వచ్చిన సంఖ్యల్ని దాచేస్తారు, ఎవరు పోయారో ఇరుగుపొరుగు గుర్తుపట్టకుండా, అది న్యాయమే గానీ చిన్న రాష్ట్రం తీసుకుని ఆడవాళ్లు, వయసు అని రెండు ఫిల్టర్లు పెట్టగానే టేబుల్ సగం ఖాళీ. కొత్తవాళ్లు తప్పకుండా బోల్తా పడేది ఇంకోటుంది: పాత ఏళ్లలో రాష్ట్రాలు తక్కువ కాబట్టి సంఖ్య పెరిగితే చావులు పెరిగాయనుకుంటారు, పెరిగింది రాష్ట్రాలు. అసలు కథంతా ఉండే రెండు పేరాల వివరణ మనకి చూపించరు, పరిశోధకులు విడిగా అప్లై చేసుకోవాలి.

నా మార్కులు 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటీ ఆలస్యానికి.

మన దగ్గర ఇలాంటిది లేదా అని అమ్మ అడిగింది. నేరాల లెక్కలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే ఆత్మహత్యల రిపోర్టుంది, పోలీసు స్టేషన్ల నుంచి వచ్చేది. 2022లో 1,70,924 మంది. కారణాల పట్టికలో మనిషికి ఒకటే కారణం, అన్నిటికంటే పెద్ద వరస "కుటుంబ సమస్యలు", దాదాపు 32 శాతం. అమెరికా దాంట్లో ఒకే మనిషికి అప్పు, జబ్బు, తాగుడు, ఇంట్లో గొడవ అన్నీ టిక్ పెట్టొచ్చు, అందుకే శాతాలు కూడితే వంద దాటిపోతాయి. మన పట్టికలోని ఆ వరస అమ్మకి చదివి వినిపించాను. "కుటుంబ సమస్యలంటే ఏం సమస్యరా?" అంది.

అదే రాయలేదమ్మా అన్నాను.