పాలటినేట్ రైతుకు ఏది మేలు: మొహాక్ లోయా, టల్పహాకెనా?

1710లో జర్మనీలోని పాలటినేట్ ప్రాంతపు బీదజనం దాదాపు 2,800 మంది బ్రిటిష్ ప్రభుత్వ ఖర్చుతో న్యూయార్క్‌కు ఓడలెక్కారు. వందలమంది దారిలోనో, దిగిన కొత్తలోనో పోయారు. బతికినవాళ్లు హడ్సన్ ఒడ్డున పైన్ చెట్ల నుంచి నౌకాదళానికి తారు తీసి బాకీ తీర్చాలి. ఆ చెట్లు తారుకు పనికొచ్చే రకమే కాదు. 1712లో తిండి ఇవ్వడం ఆగిపోయింది. చాలామంది స్కొహారీ లోయకు వెళ్లి, మొహాక్ జాతివారి అండతో సాగు మొదలుపెట్టారు. తీరా చూస్తే పట్టాలు వేరేవాళ్ల పేర్ల మీద ఉన్నాయి. ఇక మిగిలిన దారులు రెండు: న్యూయార్క్‌లోనే ఉన్న మొహాక్ లోయ, పక్కనున్న పెన్సిల్వేనియాలోని టల్పహాకెన్.

భూమికైతే మొహాక్ లోయే. 1725 నాటి బర్నెట్స్‌ఫీల్డ్ పట్టాలో తలకు 100 ఎకరాలు, స్త్రీల పేరున కూడా. ఏటి ఒండ్రు నేల. కానీ అది వలసరాజ్యపు పొలిమేర. మిలీషియా, అంటే ఊరి మగవాళ్లతో కూడిన సాయుధ దళంలో కొలువు చట్టప్రకారం తప్పనిసరి, తుపాకీ ఎవరిది వారే తెచ్చుకోవాలి.

టల్పహాకెన్‌కు 1723లో కొన్ని కుటుంబాలు సస్క్వెహానా నది మీదుగా వచ్చాయి. పెన్సిల్వేనియాలో యుద్ధమే తప్పనే క్రైస్తవ శాఖ క్వేకర్ల ఏలుబడి, 1755 దాకా మిలీషియా చట్టమే లేదు. రైతుకు అంతకన్నా ఏం కావాలి? అయితే ఆ నేల లెనాపే జాతిది. ధర చెల్లించకముందే జర్మన్లు అక్కడ దున్నుతున్నారని వారి పెద్ద సస్సూనన్ 1728లో మొరపెట్టుకున్నాడు. కొనుగోలు జరిగింది 1732లో. 1737లో వేరేచోట లెనాపేలను మరింత దారుణంగా మోసగించారు. ఆ కోపమంతా 1755లో సరిహద్దు రైతుల మీద విరుచుకుపడింది. పదమూడేళ్ల వయసులో వలసవచ్చి, మొహాక్‌ల మధ్య ఉండి వారి భాష నేర్చిన రైతు కాన్రాడ్ వైజర్ పిలుపుకు ఇరుగుపొరుగు కదిలారు. కొందరి చేతిలో తుపాకులు, మిగతావారి చేతిలో గొడ్డళ్లు, గడ్డి ఎత్తే పంగలకర్రలు.

అలాగని మిలీషియా చట్టమున్న చోట ప్రాణాలు దక్కాయా? 1757 నవంబరులో బ్రిటన్‌తో యుద్ధంలో ఉన్న ఫ్రెంచివారూ వారి మిత్రజాతులూ మొహాక్ లోయలోని జర్మన్ ఫ్లాట్స్‌ను తగలబెట్టారు. దాడి రాబోతోందని పొరుగున ఉన్న ఒనైడా జాతివారు ముందే చెప్పినా ఊరు నమ్మలేదు. దాదాపు 40 మంది చనిపోయారు, వందకు పైగా బందీలయ్యారు. 1777లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఒరిస్కనీ దగ్గర ఆ లోయ రైతులే వందలమంది నేలకొరిగారు. వారిని నడిపించిన వలసరైతు కొడుకు హెర్కిమర్ కాలి గాయంతో పది రోజులకే కన్నుమూశాడు.

నేనైతే టల్పహాకెన్‌కే ఓటు వేస్తాను. మిలీషియా కొలువు లేకుండా ముప్పై ఏళ్లపాటు పిల్లల్ని పెంచుకుని, పంట ఇంటికి తెచ్చుకునే వ్యవధి దొరికింది అక్కడే. ఆ వ్యవధికి మూల్యం చెల్లించింది మాత్రం లెనాపేలు.