భుజం మీద ఒక చేయి: ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’

డేవిడ్ లీన్ దర్శకత్వంలో 1945 నవంబరులో విడుదలైన బ్రిటిష్ చిత్రం ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ను గత వారం విజయవాడలో మా ఇంట్లో రెండోసారి చూశాను. నిడివి 86 నిమిషాలు. నోయల్ కవర్డ్ ఏకాంక నాటిక దీనికి ఆధారం. భారీ సెట్లు లేని ఈ నలుపు తెలుపు చిత్రంలో చాలా కథ రైల్వే స్టేషన్‌లోని టీ గది చుట్టూనే తిరుగుతుంది.

ప్రతి గురువారం బజారు పనుల కోసం పట్నం వచ్చే లారా కంట్లో, దూసుకుపోయే రైలు నుంచి ఎగిరిన నలుసు పడితే, అక్కడే ఉన్న డాక్టరు అలెక్ రుమాలు కొసతో దాన్ని తీసేస్తాడు. ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలున్నారు, అయినా ప్రేమలో పడతారు.

వారి చివరి వీడ్కోలును చిత్రం రెండుసార్లు చూపిస్తుంది. దీని గొప్పతనమంతా నాకు అక్కడే కనిపించింది. మొదటిసారి, వాళ్లెవరో మనకింకా తెలియనప్పుడు, లారాకు పరిచయమున్న ఒక వాగుడుకాయ వచ్చి వారి మధ్య కూర్చోవడం, అలెక్ లేచి లారా భుజం మీద చేయి వేసి వెళ్లిపోవడం మామూలు సంగతిలా గడిచిపోతాయి. చివర అదే దృశ్యం తిరిగి వచ్చినప్పుడు, చెప్పుకోవలసిన సెలవంతా ఆ ఒక్క స్పర్శలోనే ముగిసిపోయిందని తెలిసి గొంతు పూడుకుపోతుంది. విజయవాడ జంక్షన్‌లో అయినవారిని బండి ఎక్కించే వేళ తెలిసిన మనిషి ఎదురై కబుర్లు మొదలుపెడితే, అసలు మాట మింగేసి చేయి ఊపి వచ్చేసిన రోజు నాకూ ఉంది, అందుకే ఆ వాగుడుకాయ మీద ఈసారి నిజంగా కోపం వచ్చింది.

స్టేషన్ దృశ్యాలను యుద్ధం ముగియక ముందే, ఉత్తర ఇంగ్లండులోని కార్న్‌ఫోర్త్‌లో రాత్రిపూట తీశారు. రాబర్ట్ క్రాస్కర్ కెమెరాలో ఇంజను ఆవిరి, తడిసిన ప్లాట్‌ఫాం, సొరంగదారి నీడలు లారా భయానికి రూపమిస్తాయి. లారాగా సీలియా జాన్సన్ కళ్లతోనే సగం పాత్రను పోషించింది. నేపథ్యంలో వినిపించే రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ రెండో పియానో కాన్చెర్టో (పియానో, వాద్యబృందం కలిసి వాయించే రచన) మాత్రం కొన్నిచోట్ల ఆమె ముఖం అప్పటికే చెప్పినదాన్ని మళ్లీ గట్టిగా చెబుతుంది. టీ గది నడిపే స్త్రీకీ టికెట్ కలెక్టరుకీ మధ్య సరసాన్ని నవ్వుల కోసమే వాడుకోవడం నాకు నచ్చలేదు. వారిదీ ప్రేమే కదా.

సంభాషణలు వేగంగా సాగుతాయి కనుక ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడడం మేలు.

లారా ఈ కథంతా, ఎదురుగా కూర్చుని గళ్లనుడికట్టు నింపుకుంటున్న భర్త ఫ్రెడ్‌కు మనసులోనే చెప్పుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు అతణ్ణి ఏమీ పట్టని మనిషి అనుకున్నాను. చివర అతను దగ్గరకు వచ్చి, తిరిగి తన వద్దకు వచ్చినందుకు ఆమెకు కృతజ్ఞత చెబుతాడు. అతనికి ఎంతవరకు తెలుసో ఈసారీ తేల్చుకోలేకపోయాను.